సవరం

జడ మళ్ళీ తాడులా పడింది.

కొత్తవలసలో సిమెంటు కొట్టు మీదున్న మేడగది అది. గచ్చు మీద జడ పడ్డ చప్పుడు కూడా చేంతాడు చప్పుడే. దర్శకుడు ఉదయభాస్కర్ కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాడు. కత్తెర పట్టుకున్న శ్రీరామ్ తప్పంతా తనదే అన్నట్టు దాన్ని వెనక్కి దాచుకున్నాడు. రాణి మాత్రం తిరగలేదు. ముక్కాలి పీట మీద గోడకేసి మొహం పెట్టి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. తిరగొద్దని ఉదయభాస్కర్ అన్నాడు కాబట్టి తిరగలేదు.

నాటిక పేరు 'అటు తిరిగి'. భర్త పోయిన ఒక ఆడమనిషి చుట్టూ ముగ్గురు మగాళ్ళు చేరి ఆవిడ ఎక్కడుండాలి, ఎవరింట్లో తినాలి, ఎవరితో మాట్లాడాలి అని తెగ మాట్లాడుకుంటారు, ఆవిడతో మాత్రం ఒక్క ముక్క మాట్లాడరు. ఆవిడ మొదట్నుంచి చివరిదాకా జనానికి వీపు పెట్టుకునే కూర్చుంటుంది. డైలాగు లేదు, మేకప్ లేదు, మ్యూజిక్ లేదు. ఆఖర్న పెద్ద బావగారు లేచొచ్చి ఆవిడ జడ కత్తిరించేస్తాడు, లైట్లు ఆరిపోతాయి, అంతే. ఈ జిల్లాలో ఇలాంటి నాటిక ఎవరూ వెయ్యలేదు. ఇలాంటిది వేస్తే రాళ్ళు పడతాయని కూడా కొందరు ఉదయభాస్కర్‌కి చెప్పారు. పడనీ అన్నాడు.

"సారూ, జడ పడ్డాది కదా. ఇంకేటి లోటు?" గోడకేసే అడిగింది రాణి.

"పడటం కాదు రాణిగారూ, తెగాలి. అది తెగట్లేదు, ఊడొస్తోంది."

"బజారు సవరం మరి. నైలానుది. దానికి పేణముంటాదేటి, తెగీడానికి?"

శ్రీరామ్ కిసుక్కున నవ్వాడు. అతను పగలంతా సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు, సాయంత్రం ఇక్కడ పెద్ద బావగారు అవుతాడు. ఉదయభాస్కర్ నవ్వలేదు. విజయనగరంలో డిగ్రీ కాలేజీ లెక్చరరు, హైదరాబాదులో నాటకం చదువుకుని వచ్చినవాడు, నవ్వడానికి టైము లేనివాడు. వచ్చి రాణి వెనకాలే గచ్చు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"మీ వీపు ఎంత గొప్పగా చేస్తోందో మీకు తెలీదండీ. వాళ్ళు 'తిండి' అనగానే మీ భుజాలు రెండూ దగ్గరికొస్తాయి చూడండి, అది నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేరు. కానీ కత్తెర దగ్గరికొచ్చేసరికి ఆ వీపుకి ముందే తెలిసిపోతోంది, తెగేది తనది కాదని. నాకు ఇక్కణ్ణించి కనిపించేస్తోంది."

ఏదో ఒకటి అనేద్దామనుకుంది రాణి. కానీ అతను చెప్పింది నిజం.

మొదటిరోజు ఆమె కూడా నవ్వింది. "మొగం సూపించకుండా కూకోడానికి బొబ్బిలి నుంచి నానెందుకు సారూ, గోనెబస్తాకి సీర కట్టి కూకోబెట్టండి" అంది. పరిషత్తు పోటీలకి నాటికలు వేసే సమాజాల్లో ఆడవాళ్ళుండరు. మగవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సలు వేసుకుంటారు, పోటీ దగ్గర పడ్డాక లేడీ ఆర్టిస్టుని పిలుచుకుంటారు. బొబ్బిలి రాణి అంటే పార్వతీపురం నుంచి టెక్కలి దాకా తెలియని సమాజం లేదు. ఒకే స్టేజి మీద ముందు నాటికలో తల్లి, తర్వాత నాటికలో కోడలు. చీర మార్చుకునే టైములో వయసు మార్చుకునేది. ఇన్నేళ్ళలో ఆమె మొహంతో, గొంతుతో, కన్నీళ్ళతో చెయ్యనిది లేదు. ఇక్కడేమో అవన్నీ గోడకి చూపించాలి. రెండోరోజో మూడోరోజో, ఆ గోడకేసి కూర్చుని ఉండగానే, తన వీపు తనకి తెలియడం మొదలైంది. ఊపిరి పీలిస్తే రెండు రెక్కల మధ్య చీర ఎక్కడ బిగుసుకుంటుందో, తల వంచకుండా మెడ మాత్రమే ఎలా వంచొచ్చో. ఇంటికెళ్ళి అన్నం వండుకుంటూ కూడా అదే చేసేది. పొయ్యి ముందు నిలబడి వెనక గోడకి నటించేది, తనలో తనే నవ్వుకునేది.

టీ తాగుతుండగా ఫోను మోగింది. నరసన్నపేట నుంచి కూర్మనాథం. పౌరాణిక నాటకాల కాంట్రాక్టరు. పెద్ద గొంతు, స్పీకరు పెట్టక్కర్లేదు.

"ఏటమ్మీ, వచ్చీ మంగళారం మర్సిపోయేవు కావు కదా? మహారాణి ఏసం నీదే."

"మర్సిపోతానేటి మావా."

"జుట్టు జాగర్తే. జడ ఇప్పుకుని పద్యం ఎత్తుకుంటావే, ఆ సీనుకే మా ఊరి జనం కూకుంటారు. నీ పద్యానిక్కాదు, నీ జుట్టుకే వన్స్‌మోరు!"

"ఓలప్ప, నా గొంతుకేటైనాది?"

"గొంతుకేటి, ముసిలైపోనాది. జుట్టు ముసిలవనేదు."

రాణి పడీపడీ నవ్వింది. జడని ముందుకి లాక్కుని కొస వేళ్ళకి చుట్టుకుంటూ నవ్వింది. నడుం దాటి కిందికి, నల్లగా, చేతినిండా పట్టేంత జడ. దానికామె గోరింటాకు పెడుతుంది, రంగేస్తుంది, దిష్టి తీసుకుంటుంది, దాన్ని చూసి ఇంకో ఆర్టిస్టు కళ్ళు తిప్పుకుంటే ఆరోజు ఎక్కువ అన్నం తింటుంది.

సాయంత్రం పాసింజరుకి బొబ్బిలి వెళ్ళిపోయింది. రాత్రి వంటయ్యాక గడపలో కూర్చుని తల దువ్వుకుని, దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు వేలికి చుట్టి, ఉండ చేసి, పాత బిస్కెట్ల డబ్బాలో వేసింది. వీధిలో జుట్టుకి స్టీలు గిన్నెలిచ్చే సైకిలు కుర్రాళ్ళు తిరుగుతారు. ఇరుగమ్మా పొరుగమ్మా అందరూ ఇచ్చేస్తారు. రాణి ఇవ్వదు. పెళ్ళి కాకముందు నుంచీ రాలిన జుట్టు దాచుకుంటూ వస్తే, సవరాలు కట్టే జగ్గమ్మ ఆ ఉండలన్నీ చిక్కు తీసి, సమానంగా సర్ది, నల్లదారం ముడేసి ఒక సవరం కట్టి ఇచ్చింది. "నీ జుట్టు నీకే ఇస్తన్నాను, ఇంకోల్ల జుట్టు ఒక్కటి కలిస్తే ఒట్టు" అని చెప్పి మరీ ఇచ్చింది. జగ్గమ్మ ఇప్పుడు లేదు, అలా కట్టేవాళ్ళూ లేరు. ఏ ఊరెళ్ళినా ఆ సవరం పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉంటుంది. ఎంత పెద్ద వేషమైనా దాన్ని తియ్యదు. అదొక ధైర్యం, అంతే.

ఆ రాత్రి డబ్బా మూత పెడుతూ రాణి అనుకుంది. తెగేది నాదే అని వీపుకి ఎలా చెప్పాలి?

*

శనివారం విజయనగరంలో పోటీ. చీకటి పడగానే మూడో నాటిక వీళ్ళది. మధ్యాహ్నమే హాలుకొచ్చేశారు. ఉదయభాస్కర్ నిద్రపోయినట్టు లేడు, కళ్ళు ఎర్రగా, మాట మెత్తగా ఉంది. రాణిని పక్కకి పిలిచాడు.

"సవరం వద్దండీ. తీసేశాం."

"మరి?"

"మీ జడే ఉండనివ్వండి. శ్రీరామ్ కత్తెర దగ్గరికి తీసుకొస్తాడు, అంతే, తగలకముందే లైట్లు ఆర్పేస్తాను. తెగిందని జనమే అనుకుంటారు. సరేనా?"

"బాగున్నాది సారూ," అంది రాణి. నిజంగానే బాగుందనిపించింది. నైలాను జడ పీడ వదిలింది. ఇన్నాళ్ళలో ఈ పరిషత్తులో ఉత్తమ సహాయనటి ఎన్నిసార్లు వచ్చిందో. ఉత్తమ నటి ఒక్కసారి రాలేదు. ఒక్క డైలాగూ లేని వేషానికి వస్తే ఎలా ఉంటుంది! ఆ ఆలోచనకే ఆమెకి నవ్వొచ్చింది, ఆశా వేసింది.

సామాన్ల బల్ల మీద పెద్ద బావగారి చేతికర్ర, మంచినీళ్ళ చెంబు, కత్తెర వరసగా పెట్టి ఉన్నాయి. రాణి నీళ్ళు తాగుదామని వెళ్ళి చెంబందుకుంది. చెయ్యి ఆగిపోయింది.

అది వారమంతా చూసిన కత్తెర కాదు. ఆ కత్తెరకి మేకు వదులు, పట్టుకునే చోట దారం చుట్టి ఉండేది. ఇది దర్జీల కత్తెర. పెద్దది. సాన పట్టించిన నూనె వాసన ఇంకా పోలేదు. రాణి దాన్ని తీసి పైటచెంగు నుంచి వేలాడుతున్న ఒక నూలుపోగుకి అలా ఆనించింది. పోగు తెగి బల్ల మీద పడింది.

లైట్లార్పేసే సీనుకి సాన పట్టిన కత్తెర ఎందుకు?

శ్రీరామ్ అటుగా వస్తూ, ఆమె చేతిలో కత్తెర చూసి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగాడు.

"ఒరే శ్రీరామూ, ఇలగ రా."

వచ్చాడు. బల్లకేసి చూస్తున్నాడు.

"ఇదేటిరా?"

"నాకేటి తెల్దక్కా. సారు తెచ్చినారు."

"నా మొగం సూసి సెప్పు."

"నాకేటి తెల్దన్నాను కదక్కా," అన్నాడు, పైపెదవి మీద చెమట. ముప్ఫై ఏళ్ళు స్టేజి మీద బతికిన మనిషి దగ్గర అబద్ధం ఆడటం ఆ కుర్రాడి వల్ల కాలేదు. రాణి కత్తెర ఎక్కడిదక్కడ పెట్టేసింది, చెంబు తీసుకుని నీళ్ళు తాగింది, మూతి తుడుచుకుంది.

గ్రీన్‌రూములో తలుపేసుకుని అద్దం ముందు కూర్చుంది. ముందు ఒళ్ళంతా మంటెత్తింది. బయటికెళ్ళి ఆ లెక్చరరు కాలరు పట్టుకుని అడిగేద్దామనుకుంది. నా జుట్టు నీ అబ్బ సొమ్మేటి? నువ్వు కొత్త నాటకం కనిపెట్టుకో, గోడ కూలగొట్టుకో, తెర కాల్చుకో, నీ గుండు గీయించుకో. నా జుట్టెందుకు? పెట్టె సర్దేసి స్టేషనుకి వెళ్ళిపోదామనుకుంది, సగం సర్దింది కూడా. పెట్టె అడుగున గుడ్డమూట చేతికి తగిలింది.

వెళ్ళిపోతే వారమంతా గోడకేసి కూర్చుని సంపాదించుకున్న ఆ వీపు కూడా పోతుంది. అది రాణికిష్టం లేదు. ఆ వీపు అతనిది కాదు.

మూట విప్పింది. సవరాన్ని చేతిమీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత గబగబా పని మొదలుపెట్టింది. జుట్టుని రెండు పొరలు చేసింది. కింది పొరంతా మెలితిప్పి నడినెత్తిన చదునుగా పరిచి పిన్నులు గుచ్చింది. పలచటి పైపొరని దాని మీదుగా వెనక్కి దువ్వి, మెడ మీద సవరం ముడి చుట్టూ తిప్పి, నల్లదారంతో బిగించి, ఆ కిందనుంచి మూడు పాయలల్లింది. చేతి అద్దంలో చూసుకుంది. నెత్తి కాస్త ఎత్తుగా ఉంది. మొగుడు పోయిన ఆడదాని నెత్తి ఎత్తుగా ఉందని ఎవడు చూస్తాడు?

తలుపు తట్టాడు ఉదయభాస్కర్. "సవరం లేదుగా రాణిగారూ? మీ జుట్టేగా?"

"నా జుట్టే సారూ," అంది. "ఒక్కెంట్రుక కూడా ఇంకోల్లది కాదు."

తెర లేచింది. మొదట్లో వెనక బెంచీల్లో నవ్వులు, "మొగం ఇటు తిప్పమ్మా" అని ఒక కేక. కాసేపటికి కేకలు తగ్గాయి. ఆ తర్వాత దగ్గులు కూడా తగ్గాయి. మగాళ్ళు ముగ్గురూ మాట్లాడుతున్నారు, రాణి వీపు వింటోంది. పెద్ద బావగారు లేచాడు. నాలుగడుగులు. అతని ఊపిరి ఆమె మెడకి తగిలింది. చల్లటి ఇనుము తగిలింది. కత్తెర మొదటి కొరుకుడుకి నల్లదారం ముడికి పట్టి ఆగిపోయింది.

శ్రీరామ్ ఊపిరి కూడా ఆగిపోయింది.

ఒక్క క్షణం. కత్తెర కాస్త కిందికి జరిగింది. పరపరమంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టినా తేలనన్ని ఏళ్ళ జుట్టు తెగుతోంది. జడ పడింది. ఈసారి చప్పుడు లేదు.

లైట్లు ఆరలేదు. అనుకున్నట్టే. ఇంకా పెరిగాయి. ఇప్పుడామె అదిరిపడి తిరుగుతుందని, ఆ మొహం కోసమే ఉదయభాస్కర్ లైట్లు అలా పెట్టుకున్నాడని ఆమెకి అర్థమైంది. తిరగలేదు. కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. మెడ దగ్గరికి వెళ్ళలేదు. ముందు నడుం దగ్గరికి వెళ్ళింది, జడ కొస ఉండాల్సిన చోటికి. అక్కడ లేదు. కాస్త పైకి వెతికింది. అక్కడా లేదు. వీపు మధ్యకి. గాల్లో వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు మూసుకుని, ఏమీ లేదని తెలిసి తెరుచుకున్నాయి. మెడకి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. ఇంక పైకి వెళ్ళడానికి ధైర్యం చాలనట్టు అక్కడే ఉండిపోయింది.

హాల్లో ఎవరో ఆడమనిషి "ఓలమ్మో" అంది, గట్టిగా కాదు, ఇంట్లో అన్నట్టు. అప్పుడు తెర పడింది.

ఉదయభాస్కర్ పరుగెత్తుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఏడుస్తున్నాడు, నిజంగానే. "క్షమించండి రాణిగారూ, నన్ను కొట్టండి, ఏమైనా చెయ్యండి. చెప్పుంటే ఆ చెయ్యి రాదండీ. ఆ చెయ్యి... జన్మలో ఎవరూ చెయ్యలేరు." రాణి అప్పటికే పైట తలమీదుగా కప్పేసుకుంది. అతని చేతుల్లో జడ ఉంది, పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"నా జడ నాకిచ్చీండి."

"ఇది ఇంక మనందరిదీ అండీ. నాటకానిది. అద్దాల పెట్టెలో పెడతాను."

శ్రీరామ్ దూరంగా నిలబడి కత్తెర తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. ఒకసారి తలెత్తి రాణిని చూశాడు, వెంటనే దించుకున్నాడు.

మెట్ల దగ్గర ఒక ముసలావిడ కాచుక్కూర్చుంది. నారాయణమ్మట, గజపతినగరం అవతల నుంచి మనవరాలి డాన్సు చూడ్డానికొచ్చి ఆగిపోయింది. రాణి చెయ్యి పట్టుకుంది, ఆ కుడిచెయ్యే.

"మా సెల్లిని అత్తోరు ఇలగే సేసినారమ్మా. దెయ్యం పట్టినాదని కోసేసినారు. అది కూడా ముందల కొస కాడే ఎతుక్కున్నాది. సాన్నాల్లు ఎతుక్కున్నాది, పడుకుంటే కూడా." ముసలావిడ పైట మీదనుంచే రాణి తల నిమరబోయింది. రాణి చటుక్కున వెనక్కి తగ్గింది. నెత్తి మీద చుట్ట చేతికి తగులుతుందని. ముసలావిడ ఇంకోలా అర్థం చేసుకుంది. "ముట్టుకోన్లే తల్లీ, ముట్టుకోన్లే," అంటూ కళ్ళొత్తుకుంది.

*

ఆదివారం పొద్దున్న జిల్లా పేపర్లో ఫొటో వేశారు. రాణి వీపు, గాల్లో చెయ్యి. కింద ఉదయభాస్కర్ మాటలు: నటిని నటన నుంచి విముక్తం చెయ్యడమే మా ప్రయోగం. ఆమెకు తెలియకుండానే నిజంగా కత్తిరించాం.

టిఫిను తినేలోపు కూర్మనాథం ఫోను.

"ఏటే అమ్మీ, జుట్టు కోయించుకున్నావట? నాకొక్క మాట సెప్పొద్దూ? మహారాణికి బోడితల ఎట్టి పద్యం పాడించమంటావేటి?"

"జుట్టున్నాది మావా."

"ఉన్నాదా? పేపర్ల ఫొటో ఏసినారు కదే. సవరం కట్టుకుని వస్తావేటి? విప్పీ సీనులో ఊడి సేతికొస్తే జనం నన్ను సంపేస్తారు. సాలూరు ధనలక్ష్మిని మాటాడేసుకున్నాన్లే. జుట్టొచ్చాక కబురెట్టు."

పెట్టేశాడు. వీడియో కాల్ చేసి పైట తీస్తే క్షణంలో పని. కానీ కూర్మనాథం నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి శ్రీకాకుళం దాకా తెలిసిపోతుంది. తెలిస్తే ఏమవుతుంది? రాణి ఇడ్లీ సగంలో వదిలేసింది.

సాయంత్రం బహుమతులు. రాణి రెండో వరసలో, తలమీద పైట రెండు పిన్నులతో బిగించి కూర్చుంది. వెనకనుంచి ఆమెని చూపిస్తూ గుసగుసలు. ఉత్తమ ప్రదర్శన, 'అటు తిరిగి'. ఉత్తమ దర్శకుడు, ఉదయభాస్కర్. చప్పట్లు. ఉత్తమ ప్రయోగం, మళ్ళీ అదే. ఇంకా చప్పట్లు. రాణి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, లేచేటప్పుడు కాలికి అడ్డం పడకుండా.

ఉత్తమ నటి దగ్గరికొచ్చేసరికి న్యాయనిర్ణేత జగన్నాధం మైకు దగ్గరికి ఇంకాస్త జరిగాడు. తెల్లపంచె, మంచి కంఠం.

"రాణిగారి పేరు మా ముగ్గురి మనసులోనూ మెదిలింది. నిన్న ఆ చేతిని చూసి నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా చెప్తున్నాను. అయితే ఆమెకు తెలియకుండా నిజంగానే కత్తిరించామని దర్శకుడే చెప్పారు. అంటే అది నటన కాదు, అనుభవం. ఆ తల్లి నిజంగా వెతుక్కుంది. అనుభవానికి మనం నమస్కారం పెట్టాలి. బహుమతి మాత్రం నటనకే ఇవ్వాలి కదా."

హాలు మొత్తం లేచి నిలబడి ఆమెకి నమస్కారం పెట్టింది. చప్పట్లు ఆగలేదు. ఉత్తమ నటి ఇంకెవరికో ఇచ్చారు, ఆ పేరు కూడా వినబడలేదు.

రాణి చెయ్యి పైట పిన్ను మీదికి వెళ్ళింది. ఒక్క పిన్ను లాగితే చాలు. లేచి నిలబడి, ఈ జుట్టు నడుం మీదికి వదిలి, "సూడండి బాబులూ, నటన కాదన్నారే, ఇదిగో" అనొచ్చు. స్టేజి మీద ఉదయభాస్కర్ మొహం ఏమవుతుందో చూడొచ్చు. పిన్ను సగం వచ్చింది. అప్పుడు కనబడింది, పక్క వరస చివర నారాయణమ్మ. ఈ కార్యక్రమం కోసమే ఉండిపోయినట్టుంది. అందరిలా చప్పట్లు కొట్టడం లేదు. కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, తన సన్నటి తెల్లజడ కొసని ఊరికే పట్టుకుని కూర్చుంది.

పిన్ను లాగితే ఆ చెయ్యి అబద్ధమైపోతుంది. ఆమె చెల్లెలి చెయ్యి కూడా.

రాణి పిన్ను మళ్ళీ లోపలికి నొక్కేసింది. అది నెత్తికి గుచ్చుకుంది.

*

మంగళవారం నరసన్నపేటలో ఉండాల్సిన మనిషి కొత్తవలస మేడమెట్లెక్కుతోంది. ముందురోజే ఉదయభాస్కర్ ఫోను చేశాడు. హైదరాబాదు నుంచి పిలుపొచ్చిందట, పెద్ద నాటకాల పండగట, గొంతు ఆనందంతో తొట్రుపడుతోంది.

"మీరే చెయ్యాలి అసలు. కానీ మీ జుట్టు పెరగాలంటే... అందుకని మా కాలేజీ అమ్మాయిని తీసుకున్నాను. ఆమని. మోకాళ్ళ దాకా జుట్టండీ! మీరొచ్చి కూర్చోవడం నేర్పించండి, ఆ వీపు."

"ఆ పిల్లకి సెప్పినారేటి సారూ, కత్తెర సంగతి?"

"చెప్తే ఆ చెయ్యి వస్తుందా రాణిగారూ?"

మేడగదిలో ఆమని ఒక్కతే ఉంది. ఉదయభాస్కర్‌కి కాలేజీ ఉంది, శ్రీరామ్‌కి షాపు. పీట మీద గోడకేసి కూర్చుని అప్పుడే ప్రాక్టీసు చేస్తోంది. జడ గచ్చు మీద చుట్టలు తిరిగి ఉంది. రాణి రాగానే దిగ్గున లేచి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది.

"అక్కా, మిమ్మల్ని చూసే నేను ఒప్పుకున్నాను. ఆ రోజు హాల్లో ఉన్నాను, తెలుసా? ఇంటికెళ్ళి అన్నం తినలేదు."

"కూకో అమ్మా. నీకో సంగతి సెప్పాలి. ఆఖరి సీనులో నీ జుట్టు..."

"నిజంగా కోసేస్తారు. తెలుసక్కా." ఆమని నవ్వింది. "పేపర్లో పడింది కదా, ఎవరికి తెల్దు? సార్ చెప్పరు, నేను తెలీనట్టే ఉంటాను. పాపం ఆయన ప్రయోగం పాడవకూడదు కదా."

"మీ అమ్మకి సెప్పేవా?"

"అమ్మ చంపేస్తుంది. తర్వాత చెప్తాను. అక్కా, అందరూ నటిస్తారు. మీరొక్కరే నటించలేదు. నిజంగా ఇచ్చేశారు. జగన్నాధంగారు అన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. నేనూ అంతే. నాకు నటన వద్దు."

రాణి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. కింద సిమెంటు బస్తాలు దించుతున్న చప్పుడు. కిటికీ రెక్క కూడా దగ్గరికి వేసింది. పైట మీద ఒక పిన్ను తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది. రెండోది తీసింది. పైట జారింది. నెత్తి మీది చుట్టలోంచి పిన్నులు ఒక్కొక్కటే లాగుతుంటే ఆమని చూస్తోంది, నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, అర్థం కాక. ఆఖరి పిన్ను రాగానే జుట్టు బరువంతా ఒక్కసారి కిందికి వచ్చి నడుం దాటి ఆగింది.

ఆమని మొహంలో నవ్వు పోయింది. ఒకడుగు వెనక్కి వేసింది.

"మరి ఆ రోజు...?"

"సవరం. నా జుట్టుదే."

"సార్‌కి?"

"తెల్దు."

"అయితే మోసం చేశారా?" పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. "అందరం లేచి నిలబడ్డాం. నేను ఏడ్చాను. మా అమ్మకి అబద్ధం చెప్పి వచ్చాను. ఇదంతా... మీరు మోసం చేశారా?"

"నటించేనమ్మా," అంది రాణి.

ఆమని తల అడ్డంగా ఊపింది. ఇంకో అడుగు వెనక్కి వేసింది, గోడ తగిలింది. వద్దు వద్దంటోంది నోరు. కానీ కుడిచెయ్యి అప్పటికే వెనక్కి వెళ్ళి, జడ కొసని వెతికి పట్టుకుని, ఎవరో లాక్కుంటున్నట్టు గుప్పిట్లో బిగించింది.

రాణి ఆ చేతినే చూసింది. పళ్ళ మధ్య పిన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"అదిగో, ఆ సెయ్యి. కదపకు. ఎక్కడున్నాదో గుర్తెట్టుకో," అంది. "ఇప్పుడు అటు తిరిగి కూకో."